మీట నొక్కినా అక్షరం పడనప్పుడు

మిక్సీ ఆగిపోతే మనం ముందు ప్లగ్గు చూస్తాం. తర్వాత దాన్ని వెల్లకిలా తిప్పి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. అప్పటికీ తిరక్కపోతేనే షాపు దాకా వెళ్తాం. కుట్టుమిషన్ దారం తెంపుతుంటే సూది మారుస్తాం, బాబిన్ తీసి మళ్ళీ సర్దుతాం. అదే లాప్‌టాప్ కీబోర్డ్ పలకకపోతే మాత్రం చూడకుండానే "కీబోర్డ్ పోయింది" అనేస్తాం. మిక్సీ లోపల ఏముందో మనకి కాస్తో కూస్తో తెలుసు. కీబోర్డ్ లోపల ఏముందో మనకెవరూ చెప్పలేదు. తేడా అంతే.

నిజానికి ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటిలోకీ మన ఆడవాళ్ళకి బాగా దగ్గరి చుట్టం కీబోర్డే. దానికి రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో చాలా భాగం ఆడవాళ్ళ వేళ్ళ కిందే నడిచింది. ఆ కథ తెలిస్తే మరో లాభం కూడా ఉంది. ఈ రోజు మన లాప్‌టాప్ మీద కనిపించే ప్రతి మీటా ఒక్కో కాలంలో వచ్చి చేరింది. ప్రతి కాలమూ తన గుణంతో పాటు తన జబ్బునీ తెచ్చింది. ఏ జబ్బు ఏ కాలం నాటిదో తెలిస్తే మందు వెతుక్కోవడం సులువు.

మొదటి కథ ఇటలీది. 1808 ప్రాంతంలో పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన ఒక రాత యంత్రం తయారుచేశాడు. ఎవరి కోసమంటే, కరోలినా ఫాంతోని అనే ఒక జమీందారిణి కోసం. ఆవిడకి చూపు లేదు. చూపు లేని మనిషి ఉత్తరం రాయాలంటే పక్కన ఇంకొకరు కూర్చుని రాసిపెట్టాలి. మనసులో ఉన్నది ముందు ఆ మూడో మనిషికి చెప్పుకోవాలి. మన పల్లెల్లో చదువురాని ఇల్లాళ్ళు పోస్ట్‌మాన్ చేత కూతురికి ఉత్తరం రాయించుకున్నప్పుడు కూడా ఇదే కష్టం. అల్లుడి మీద కోపం ఎంత రాయించాలో, ఎంత మింగాలో పోస్ట్‌మాన్ మొహం చూసి తేల్చుకోవాల్సి వచ్చేది. తుర్రి యంత్రంతో కరోలినా తన ఉత్తరాలు తానే రాసుకుంది. సిరా కోసం ఆయన నల్లరంగు పట్టించిన ఒక రకం కాగితం తయారుచేశాడు. తర్వాత మనం వాడిన కార్బన్ పేపరుకి అది దగ్గరి బంధువు. ఆ యంత్రం ఇప్పుడు లేదు. ఆవిడ రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. అంటే రాత యంత్రం తొలి రోజుల్లోనే ఆఫీసు పనికంటే ముందు ఒక ఆడమనిషి సొంత ఉత్తరం ఉంది.

బజారులో అమ్ముడుపోయే యంత్రం రావడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ ఊళ్ళో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అనే పత్రికా సంపాదకుడు ఇద్దరు మిత్రులతో కలిసి 1868లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని తయారుచేసి అమ్మే పని రెమింగ్టన్ కంపెనీ తీసుకుంది. తుపాకులు చేసే ఆ కంపెనీయే కుట్టుమిషన్లు కూడా చేసేది. టైపు మిషన్ పని ఆ కుట్టుమిషన్ల విభాగానికే అప్పజెప్పారు. 1874లో అది 125 డాలర్లకి బజారులోకి వచ్చినప్పుడు అచ్చం కుట్టుమిషన్‌లాగే ఉంది. కింద ఇనుప స్టాండు, మీద నల్లరంగు, దాని మీద పువ్వుల బొమ్మలు. కాగితాన్ని మళ్ళీ వరస మొదటికి తేవడానికి కాలితో తొక్కే పెడలు కూడా ఉండేది. మన ఎంటర్ మీట తాతమ్మ ఆ పెడలే.

ఆ మొదటి యంత్రం పెద్దక్షరాలు మాత్రమే కొట్టగలిగేది. 1878లో వచ్చిన రెండో నమూనాలో చిన్నక్షరాలు కూడా చేరాయి. ఒకే మీట మీద రెండు అక్షరాలు పెట్టి, రెండోది కావాలంటే లోపలి భాగాన్ని ఒక పక్కకి జరిపేలా ఇంకో మీట పెట్టారు. జరపడం కాబట్టి దానికి షిఫ్ట్ అని పేరు. ఇవాళ్టి లాప్‌టాప్‌లో జరిగేదేమీ లేదు, పేరు మాత్రం మిగిలింది. ఈ షిఫ్ట్ మీటని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

టైపు మిషన్ వచ్చాకే ఆఫీసుల్లోకి ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో అడుగుపెట్టారు. అంతకుముందు గుమాస్తా అంటే మగవాడే. కొత్త యంత్రం మీద మగవాళ్ళ హక్కు అంటూ ఇంకా ఏర్పడలేదు కాబట్టి తలుపు కొంచెం తెరుచుకుంది. న్యూయార్క్‌లో 1881 నాటికే ఆడపిల్లలకి టైపు నేర్పే తరగతులు మొదలయ్యాయి. 1900 వచ్చేసరికి అమెరికాలో టైపిస్టుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. జీతం చేతికొచ్చింది. అయితే చిన్న మెలిక ఉంది. వాళ్ళ వేళ్ళు కొట్టిన మాటలు వాళ్ళవి కావు. గదిలో కూర్చున్న పెద్దాయన చెప్తాడు, ఈవిడ కొడుతుంది. కింద సంతకం ఆయనది.

మన దగ్గరా అదే కథ, కాస్త ఆలస్యంగా. 1955లో గోద్రెజ్ వాళ్ళు మన దేశంలోనే టైపు మిషన్ తయారుచేశారు. ఆ తర్వాత చిన్న చిన్న ఊళ్ళలో కూడా మేడమీద గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. ఇంటర్ అయిన ఆడపిల్లని పెళ్ళి కుదిరేలోపు ఖాళీగా కూర్చోబెట్టడం ఎందుకని టైపులో చేర్పించేవారు. ఏ ఎస్ డి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె అంటూ రోజుకో గంట. "మా అమ్మాయి టైపు లోయరు పాసయింది, హయ్యరుకి కడుతోంది" అని పెళ్ళిచూపుల్లో చెప్పుకునేవారు. 1966లో తెలుగు అధికార భాష అయ్యాక తెలుగు టైపుకీ గిరాకీ వచ్చింది. మన అక్షరాల్ని ముక్కలుగా విడదీసి, గుణింతాలు ఒక చోట, ఒత్తులు ఒక చోట పెట్టిన ఆ మిషన్ మీద నేర్చుకోవడం సులువేమీ కాదు. నేర్చుకున్నవాళ్ళు మాత్రం ఎప్పటికీ మర్చిపోరు.

మా అత్తగారు అలా నేర్చుకున్నవారే. కోనసీమలోని పల్లె నుంచి వచ్చి, ఇంగ్లీషు హయ్యరూ తెలుగు లోయరూ పాసై, 1970లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరారు. 36 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆ 36 ఏళ్ళలో ఎన్ని వేల కాగితాలు కొట్టి ఉంటారో! అందులో ఆవిడ సొంతంగా రాసుకున్నవి సెలవు చీటీలు మాత్రమేనని ఆవిడే నవ్వుతూ చెప్తారు.

ఇప్పుడు ఆవిడ వాళ్ళ అమ్మగారి జీవితం రాస్తున్నారు. ఎనిమిదిమంది పిల్లల్ని కని ఐదుగుర్ని దక్కించుకున్న మనిషి, గోదావరి వరదల్లో బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని పాక కప్పు మీద రెండు రాత్రులు గడిపిన మనిషి. ఆ సంగతులు తెలిసినవాళ్ళలో మిగిలింది మా అత్తగారొక్కరే. 77 ఏళ్ళు, కుడి చెయ్యి వణుకు. కలం పట్టుకుంటే గీతలు తిరిగిపోతాయి. లాప్‌టాప్ మీద మాత్రం నెమ్మదిగా కొడతారు. వణుకు వల్ల ఒక్కోసారి ఒకే అక్షరం రెండుమూడు సార్లు పడుతుంది. ఓపిగ్గా చెరిపి మళ్ళీ కొడతారు. రోజుకి అరపేజీ.

ఆవిడ లాప్‌టాప్‌లో తెలుగు ఎలా కొడతారో చెప్పాలంటే ఇంకో చిన్న చరిత్ర చెప్పాలి. 1980ల్లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం అన్ని భారతీయ భాషలకీ ఒకే అమరిక ఉండేలా ఇన్‌స్క్రిప్ట్ అనే పద్ధతి తెచ్చింది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఇంకో దారి పట్టింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట కొడితే అది తెలుగు లిపిలోకి మారుతుంది. 1991లో యూనికోడ్‌లో తెలుగు చేరింది. తర్వాత లేఖిని లాంటివి వచ్చి ఇంట్లో కూర్చున్న ఇల్లాళ్ళ చేత కూడా తెలుగు రాయించాయి. ఈ పద్ధతిలో చిన్న టి కొడితే త, షిఫ్ట్ పట్టుకుని టి కొడితే ట. డి కూడా అంతే. అంటే తెలుగు రాసేవాళ్ళకి షిఫ్ట్ మీట ఇంగ్లీషువాళ్ళకన్నా ఎక్కువ కావాలి. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవాళ్ళు ఎడమచేతి అక్షరాలకి కుడిపక్క షిఫ్ట్, కుడిచేతి అక్షరాలకి ఎడమపక్క షిఫ్ట్ పట్టుకుంటారు. అది మాస్టారు బెత్తంతో నేర్పిన పాఠం, పోదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కీబోర్డ్ ఆగిపోయింది. ఏ మీట నొక్కినా అక్షరం లేదు. మౌస్ మాత్రం బాగానే కదులుతోంది. మావారు దగ్గర్లోని ఒక రిపేరు షాపుకి ఫోన్ చేస్తే, అవతలి కుర్రాడు చూడకుండానే కీబోర్డ్ పోయి ఉంటుంది, పై ప్లేటుతో సహా మార్చాలి, పాత మోడల్ కదా, కొత్తది కొనుక్కుంటే మేలన్నాడు. మావారు ఫోన్ పెట్టేసి, "అమ్మకి ఇంకా ఈ టైపెందుకు? ఫోన్లో నోటితో చెప్తే అదే రాసిపెడుతుంది. అది నేర్పించు" అన్నారు. ఆయన మంచికే అన్నారు, వణుకుతున్న చేతిని చూసి.

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో అన్నారు: "అమ్మాయ్, 36 ఏళ్ళు వాళ్ళు చెప్పారు, నేను కొట్టాను. ఇప్పుడు నేను చెప్తే అది కొడుతుందంటున్నాడు. బానే ఉంది. కానీ మా అమ్మ సంగతి పైకి చెప్పాలంటే నాకు గొంతు పూడుకుపోతుంది. చేత్తో అయితే రాయగలను."

కొత్త లాప్‌టాప్ కొనగలం. కానీ దానికీ ఇదే జరగదని నమ్మకం ఏమిటి? ముందు ఏమైందో తెలియాలి. అందుకని నేను వంటింటి పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఉప్మాలో రుచి తేడా వస్తే ఒక్కో సరుకూ విడిగా నోట్లో వేసుకుని చూస్తాం కదా, అలాగ.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. పాత టైపు మిషన్‌లో మీటకీ అక్షరానికీ మధ్య ఇనుప చెయ్యి ఉండేది. మీట నొక్కితే ఆ చెయ్యి లేచి కాగితాన్ని కొట్టేది. ఏది ఇరుక్కుందో కంటికి కనిపించేది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని కీబోర్డ్‌లో 83 మీటలు ఉండేవి. మీట నొక్కితే అక్షరం వెళ్ళదు, ఒక సంఖ్య వెళ్తుంది. వదిలితే ఇంకో సంఖ్య వెళ్తుంది. ఆ సంఖ్యని అక్షరంగా మార్చేది కంప్యూటర్ లోపలి ప్రోగ్రాం. ఆ రోజు నుంచి కీబోర్డ్ జబ్బులు రెండు రకాలయ్యాయి: చేతి జబ్బు, బుర్ర జబ్బు. మీట, తీగ, రిబ్బను పాడైతే చేతి జబ్బు. సంఖ్య సరిగ్గానే వెళ్తున్నా లోపల దాన్ని పట్టించుకోకపోతే బుర్ర జబ్బు. మొదటి ఐబీఎం పీసీ ఆన్ చేయగానే కీబోర్డ్‌ని తానే పరీక్షించుకుని, తేడా ఉంటే 301 అనే అంకె చూపించేది. ఇప్పటి లాప్‌టాప్‌లు అంత తిన్నగా చెప్పవు, మనమే అడగాలి.

లాప్‌టాప్ మీటల కింద ఇనుము లేదు. పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద విద్యుత్తు పారే గీతలు. ఆ గీతల్ని చుక్కల ముగ్గులా ఊహించుకోండి. అడ్డ వరసలు, నిలువు వరసలు, రెండూ కలిసే చోట ఒక చుక్క. ఆ చుక్కే మీట. మీట నొక్కితే ఆ చుక్క దగ్గర పై గీత, కింది గీత తగులుకుంటాయి. ఒక చిన్న చిప్పు సెకనుకి ఎన్నోసార్లు ఈ ముగ్గంతా చూసుకుంటూ ఏ చుక్క తగిలిందో చెప్తుంది. ఇది తెలిస్తే చాలా తేలిపోతుంది. ఒక్క మీటే పలకకపోతే దాని కింద చెత్తో, రబ్బరు బుడిపె అరుగుదలో. ఎక్కడెక్కడో ఉన్న నాలుగైదు మీటలు ఒకేసారి పోతే ముగ్గులో ఒక గీత తెగింది. టీ ఒలికిన తర్వాత ఇలాగే అవుతుంది. అన్ని మీటలూ ఒక్కసారే పోతే ముందు అనుమానించాల్సినవి రెండు: కీబోర్డ్‌ని లోపలి బోర్డుకి కలిపే రిబ్బను ఊడటం, లేకపోతే బుర్ర జబ్బు.

మాకు అన్నీ పోయాయి. అందుకని మొదట రీస్టార్ట్ చేశాను. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి చాలా లాప్‌టాప్‌లు షట్‌డౌన్ చేసినా పూర్తిగా పడుకోవు. తొందరగా లేవడానికి సగం గుర్తులు దాచుకుని పడుకుంటాయి. దాంతో పాటు జబ్బునీ దాచుకుంటాయి. రీస్టార్ట్ చేస్తే అన్నీ మొదట్నుంచి మొదలవుతాయి. చాలా ఇళ్ళలో ఇక్కడితోనే నయమైపోతుంది. మాకు కాలేదు.

రెండోది, పిల్లల డెస్క్‌టాప్ కీబోర్డ్ తెచ్చి యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చాను. అదీ పలకలేదు! అక్కడ నా ప్రాణం కుదుటపడింది. రెండు కీబోర్డ్‌లు ఒకే రోజు, ఒకే గంటలో చావవు. అంటే జబ్బు చేతిలో లేదు.

మూడోది, లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కుతూ పోయాను. కొన్ని కంపెనీలకి ఇది ఎఫ్10, కొన్నిటికి డిలీట్, కొన్నిటికి ఎస్కేప్. విండోస్ నిద్ర లేవకముందే వచ్చే సెటప్ తెర తెరుచుకుంది. అక్కడ పైకీ కిందికీ బాణం మీటలు చక్కగా పనిచేశాయి. ఇక సందేహం లేదు. చెయ్యి బంగారంలా ఉంది, బుర్రే మాట వినడం లేదు. ఏ మార్పూ చేయకుండా బయటికి వచ్చేశాను. ఆ తెరలో తెలియనివి ముట్టుకోకూడదు.

అప్పుడు విండోస్‌లోకి వచ్చి ఒక మీటని నొక్కి అలాగే పట్టుకున్నాను. ఒక సెకను గడిచాక అక్షరం పడింది. అదే ఆనవాలు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్. ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉంది.

ఇదెక్కడిదో తెలుసుకుంటే నాకు ముచ్చటేసింది. షోల్స్ గారి మిల్వాకీ నుంచి గంటన్నర కారు ప్రయాణంలో మాడిసన్ అనే ఊరు ఉంది. అక్కడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ట్రేస్ సెంటర్ అని, వైకల్యం ఉన్నవాళ్ళకి యంత్రాలు అందుబాటులోకి తేవడానికి పనిచేసిన పరిశోధన కేంద్రం. గ్రెగ్ వాండర్‌హైడెన్ అనే ఆయన దానికి పెద్ద. రెండు మీటలు ఒకేసారి నొక్కలేనివాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నొక్కేలా స్టికీ కీస్, చేతులు వణికేవాళ్ళ కోసం పొరపాటున తగిలిన దెబ్బల్ని వదిలేసేలా ఫిల్టర్ కీస్ వాళ్ళే రూపొందించారు. 1995లో విండోస్ 95తో అవి ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చేశాయి. మీటలు సరిగ్గా నొక్కలేనివాళ్ళు మౌస్‌తో మెనూల్లో వెతుక్కోగలరా? అందుకని వాటికి చిన్న దారులు పెట్టారు. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్. కుడిపక్క షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్.

కుడిపక్క షిఫ్ట్! ట కొడదామా త కొడదామా అని ఒక ఊరి పేరు దగ్గర ఆగి ఆలోచిస్తూ, మాస్టారు నేర్పినట్టే అత్తగారు కుడి షిఫ్ట్ మీద వేలు ఉంచారు. ఎనిమిది సెకన్లు గడిచాయి. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది, ఆవిడ స్పేస్ మీట తట్టారు, కంప్యూటర్ దాన్ని సరే అన్నట్టు తీసుకుంది. 1878 నాటి మీట, 1960ల నాటి పాఠం, 1995 నాటి సదుపాయం, మూడూ ఒక వేలి కింద కలిశాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఫిల్టర్ కీస్ తీసేస్తే కీబోర్డ్ లేచి కూర్చుంది. కానీ నేను పూర్తిగా తీసేయలేదు. అందులో రెండు రకాలున్నాయి. మీటని కాసేపు నొక్కి పట్టుకుంటేనే ఒప్పుకునేది ఒకటి. మమ్మల్ని కంగారు పెట్టింది అదే, దాన్ని ఆపేశాను. ఒకే మీట వెంటవెంటనే రెండోసారి తగిలితే ఆ రెండోదాన్ని వదిలేసేది ఇంకొకటి. దాన్ని అర సెకనుకి పెట్టాను. అత్తగారి వేలు వణికి రెండుసార్లు తగిలినా ఇప్పుడు ఒకే అక్షరం పడుతోంది. చెరుపుకోవడం తగ్గి, రోజుకి పేజీ దాటుతున్నారు. ఒక్క ఇబ్బంది ఉంది. అమ్మ అని రాయాలంటే ఎం అక్షరం రెండుసార్లు కొట్టాలి కదా, మధ్యలో అర సెకను ఆగాలి. అది చెప్తే ఆవిడ, "అమ్మ దగ్గర కాస్త ఆగితే పోయిందేముందే" అన్నారు.

మీ ఇంట్లో కీబోర్డ్ ఆగితే చూడాల్సిన వరస ఇక్కడ రాసిపెడుతున్నాను. ముందు క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం వెలుగుతోందేమో చూడండి. వెలిగితే నొక్కిన కబురు లోపలికి చేరుతున్నట్టే. తర్వాత కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, విండోస్ మీటల్ని ఒక్కోసారి నొక్కి వదలండి. వదిలిన సంఖ్య చేరకపోతే కంప్యూటర్ ఆ మీట ఇంకా నొక్కే ఉందనుకుని మిగతావాటిని వేరేగా అర్థం చేసుకుంటుంది. పాత చిన్న లాప్‌టాప్‌లలో జె కొడితే 1, కె కొడితే 2, ఎల్ కొడితే 3 పడుతుంటే అది చెడిపోవడం కాదు, నమ్ లాక్ ఆన్ అయింది. అక్షరాలు పడుతున్నా అర్థం లేకుండా పడుతుంటే భాష మారిందేమో చూడండి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే భాషలు మారతాయి.

ఆ తర్వాత రీస్టార్ట్, వేరే కీబోర్డ్, సెటప్ తెర, యాక్సెసిబిలిటీ. అవి అయినా కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ దగ్గర ఉన్న పేరుని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే, విండోస్ దాన్ని మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకుంటుంది. చాలా లాప్‌టాప్‌లలో ఆ పేరు ఇప్పటికీ పీఎస్/2 కీబోర్డ్ అనే ఉంటుంది. 1987లో ఐబీఎం తెచ్చిన గుండ్రటి ప్లగ్గు పేరది. ప్లగ్గు పోయినా ఇంటిపేరు మిగిలింది. పాస్‌వర్డ్ కొట్టలేక బయటే నిలబడిపోతే, ఆ తెర మీదే కింద కుడి మూలన ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది. దాని మీద మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కి లోపలికి వెళ్ళొచ్చు.

టీయో పాలో ఒలికితే వరస వేరు. వెంటనే చార్జర్ తీసేసి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. తెర తెరిచి బోర్లించి గుడారంలా నిలబెట్టండి. ఆరిపోయినట్టు కనిపించినా ఆన్ చేయకుండా బాగుచేసేవాళ్ళకి చూపించండి. హెయిర్ డ్రయర్ వేడి వద్దు. బియ్యం డబ్బాలో దాచడం అసలు వద్దు, పిండి లోపలికి పోతుంది. ఇంకొకటి ముఖ్యం. కీబోర్డ్ మధ్యలో గానీ టచ్‌ప్యాడ్ దగ్గర గానీ ఉబ్బెత్తుగా లేచినట్టుంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి. చార్జింగ్ పెట్టకండి, వాడకండి, నేరుగా పట్టుకెళ్ళండి.

కొన్నిసార్లు తయారీలోనే లోపం ఉంటుంది. 2015లో యాపిల్ కంపెనీ లాప్‌టాప్‌ని ఇంకా పల్చగా చేయడానికి సీతాకోకచిలుక రెక్కల్లాంటి కొత్త అమరిక తెచ్చింది. మీట కిందికి కొంచెం దుమ్ము చేరినా పలకడం లేదని ఫిర్యాదులొచ్చాయి. 2018లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించారు. 2019 చివర్లో మళ్ళీ పాత కత్తెర పద్ధతికే మళ్ళడం మొదలుపెట్టారు. తప్పు ఒప్పుకోకుండానే 2022లో అమెరికాలో ఒక దావాని 5 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నారు. అంచేత కీబోర్డ్ ఆగగానే "నువ్వే ఏదో నొక్కావు" అని ఇంట్లో పెద్దవాళ్ళనో పిల్లల్నో అనడం మానేద్దాం. నొక్కడానికే కదా మీటలున్నాయి.

మన ఇళ్ళలో టైపు నేర్చుకున్న తరం ఇంకా ఉంది. అమ్మలు, అత్తలు, పిన్నులు. చాలామంది పెళ్ళయ్యాక మళ్ళీ మీట ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్ళు ఇతరుల మాటలే కొట్టారు. ఒకసారి అడిగి చూడండి, ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నారో, ఎంత స్పీడు ఉండేదో. వేళ్ళకి ఇంకా గుర్తుంటుంది. ఇంట్లో పిల్లలు వదిలేసిన పాత లాప్‌టాప్ ఉంటే తెలుగు అమర్చి వాళ్ళ ముందు పెట్టండి. కుడి షిఫ్ట్ దారి అక్కర్లేకపోతే అదే సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చు. ఏం రాయాలని అడిగితే మాత్రం మనం చెప్పకూడదు. అది వాళ్ళిష్టం.